నీలి యూనిఫాం వేసుకుంటే విమానం నడిపినట్టేనా? ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ చుట్టూ అల్లుకున్న చిక్కుముడి

అల్వాల్, యాప్రాల్ వైపు ఉండేవాళ్లకు విమానం చప్పుడు కొత్త కాదు. హకీంపేట వైమానిక స్థావరం అక్కడికి దగ్గరే. పొద్దున్నే మేడ మీద బట్టలు ఆరేస్తుంటే శిక్షణ విమానాలు ఒకదాని వెనక ఒకటి చుట్లు కొడుతూ కనిపిస్తాయి. అటు దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, ఇటు నగరం నడిమధ్య బేగంపేట విమానాశ్రయం. ఇలాంటి ఊళ్లో పెరిగిన పిల్లలకు పైలట్ కావాలని అనిపించకపోతేనే వింత. ఇంటర్ ఫలితాలు వచ్చి, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో కళాశాలల ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఆ కోరిక ఒక ప్రశ్నగా మారుతుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరితే పైలట్ అయినట్టేనా?

మా పై వాటావారి అబ్బాయి నిరుడు డిగ్రీలో చేరిన కొత్తలో వాళ్లమ్మగారు మైసూరుపాకు డబ్బాతో కిందికి దిగివచ్చారు. "అన్నయ్యగారూ, మావాడు ఎయిర్ ఫోర్స్‌లో చేరాడండీ" అన్నారు. చేరింది ఎయిర్ ఫోర్స్‌లో కాదు, కళాశాలలోని ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో. మైసూరుపాకు నోట్లో పెట్టుకుని ఆ మాట చెప్పడానికి మనసొప్పలేదు. అప్పుడు మింగేసిన మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. క్యాడెట్‌గా చేరడం, వైమానిక దళంలో అధికారి కావడం, విమానం నడిపే లైసెన్సు సంపాదించడం మూడు వేర్వేరు సంగతులు. మూడింటిలోనూ విమానం ఉంది కాబట్టి మనం వాటిని ఒకే తాడుకు కట్టేస్తాం.

పేరులో "ఎయిర్" ఉన్నా ఇది వైమానిక దళం కాదు

ఎన్‌సీసీ అంటే నేషనల్ క్యాడెట్ కోర్. విద్యార్థులకు ఇలాంటి సంస్థ ఉండాలా అన్నది పరిశీలించడానికి 1946లో హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. దాని సిఫార్సులతో 1948లో పార్లమెంటు చట్టం చేసింది, ఆ ఏడాది జూలై 15న సంస్థ మొదలైంది. మరుసటి ఏడాది బాలికల విభాగం, 1950లో ఎయిర్ వింగ్, 1952లో నేవల్ వింగ్ వచ్చాయి. సుమారు 20 వేల మందితో మొదలైన సంస్థకు 2024లో అదనంగా 3 లక్షల ఖాళీలు మంజూరు చేయడంతో అనుమతించిన సంఖ్య 20 లక్షలకు చేరింది. అందులో అత్యధికులు ఆర్మీ వింగ్ వాళ్లే. ఎయిర్ వింగ్‌ది చిన్న వాటా.

సంస్థ రక్షణ శాఖ కింద పనిచేస్తుంది, దేశం మొత్తానికి లెఫ్టినెంట్ జనరల్ హోదా గల అధికారి నాయకత్వం వహిస్తారు. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఉన్న డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో ఉంది. ఇంత సైనిక వాతావరణం చూసి, యుద్ధం వస్తే పిల్లలను పంపేస్తారేమోనని భయపడే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ భయానికి ఆధారం లేదు. క్యాడెట్‌గా ఉన్నంత మాత్రాన సైనిక సేవ చేయాల్సిన బాధ్యత ఉండదని చట్టమే చెబుతోంది. చదువయ్యాక సైన్యం ఛాయలకే వెళ్లకపోయినా అడిగేవారు లేరు.

"స్వచ్ఛందం" అన్న మాటకు ఇక్కడ ఒక చరిత్ర ఉంది. 1962 చైనా యుద్ధం తర్వాత, 1963లో, ఎన్‌సీసీ శిక్షణను కళాశాలల్లో తప్పనిసరి చేశారు. ఆ నిర్బంధం ఎక్కువ కాలం నిలవలేదు. 1968లో మళ్లీ ఇష్టమున్నవారికే అన్నారు, 1969లో జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్, మొదలైంది. ఇష్టం లేనివారితో కవాతు చేయించడం ఎంత కష్టమో ప్రభుత్వానికి అయిదేళ్లలో తెలిసొచ్చిందని నా అభిప్రాయం.

మాటలు కూడా తికమక పెడతాయి. ఎయిర్ వింగ్ యూనిట్‌ను స్క్వాడ్రన్ అంటారు. ఆ మాట వినగానే యుద్ధ విమానాల వరుస గుర్తొస్తుంది కానీ, ఎన్‌సీసీలో స్క్వాడ్రన్ అంటే అనేక విద్యాసంస్థల్లోని క్యాడెట్లను కలిపి చూసుకునే కార్యాలయం. కళాశాలలో ఉండే బృందం "ఫ్లైట్". దాన్ని చూసుకునే అధ్యాపకుడు ఏఎన్ఓ, అంటే అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్. ఆయన పగలు ఫిజిక్సో కామర్సో చెప్పే లెక్చరరే, పరేడ్ రోజున భుజాన హోదా పట్టీతో వస్తారు. కవాతు నేర్పేది మాత్రం సైన్యం నుంచి వచ్చిన శిక్షకులు, వాళ్లను పీఐ స్టాఫ్ అంటారు. ఆర్మీ వింగ్‌ది ఖాకీ, నేవీది తెలుపు, ఎయిర్ వింగ్‌ది లేత నీలి బూడిద రంగు యూనిఫాం. మా పొరుగావిడ చూసింది ఆ రంగునే.

సీటు విద్యార్థిది కాదు, కళాశాలది

అసలు చిక్కు ఇక్కడుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

బ్రిటన్‌లో 1941లో పుట్టిన ఎయిర్ ట్రైనింగ్ కోర్ అనే సంస్థ ఉంది. అక్కడ ఊరూరా, పేట పేటకూ దాని స్క్వాడ్రన్లు ఉంటాయి. ఏ బడిలో చదివే పిల్లలైనా సాయంత్రం వెళ్లి చేరవచ్చు. అక్కడి పిల్లలు గ్లైడర్లు ఎక్కే వీడియోలు చూసి మనవాళ్లు "హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఎక్కడుంది, ఫారం ఎక్కడ ఇస్తారు" అని వెతుకుతారు. మన పద్ధతి వేరు. ఇక్కడ ఖాళీలను బడులకు, కళాశాలలకు కేటాయిస్తారు. మీ కళాశాలకు ఎయిర్ వింగ్ ఫ్లైట్ ఉంటే మీరు పోటీపడవచ్చు. ఆర్మీ వింగ్ మాత్రమే ఉంటే ఖాకీయే వేసుకోవాలి. ఏదీ లేకపోతే మీ ఉత్సాహం ఎంతున్నా చేరడానికి చోటుండదు.

ఒక లెక్క చూద్దాం. ఒక కళాశాల ఫ్లైట్‌లో 100 మంది క్యాడెట్లకు అనుమతి ఉందనుకుందాం. సీనియర్ విభాగంలో శిక్షణ మూడేళ్లు. ఏటా మూడో సంవత్సరం వాళ్లు వెళ్లిపోగా దాదాపు 33 ఖాళీలు వస్తాయి. మధ్యలో మానేసినవారు ఉంటే ఇంకో నాలుగైదు. అంటే వెయ్యి మంది మొదటి సంవత్సరం విద్యార్థులున్న కళాశాలలో చోటు దొరికేది ముప్పై మంది చిల్లరకు. పరుగు, దేహదారుఢ్యం, చిన్న రాతపరీక్ష, ముఖాముఖి లాంటి వాటితో వడపోత సాగేది అందుకే. చేరినవారి నుంచి సంస్థ ఫీజు వసూలు చేయదు. ఖాళీల కోసం ఎదురుచూస్తున్న సంస్థలకు సొంత ఖర్చుతో నడుపుకొనే పథకం ఒకటి ఉంది. అలాంటి చోట మాత్రం శిక్షణ ఖర్చు సంస్థ మీద, క్యాడెట్ల మీద పడుతుంది.

దీని పర్యవసానం విచిత్రంగా ఉంటుంది. ఎయిర్ వింగ్‌లో చేరాలా వద్దా అన్న నిర్ణయం నిజానికి జూలైలో కళాశాల మైదానంలో జరగదు. అంతకు నెలా రెండు నెలల ముందు, దోస్త్‌లోనో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లోనో కళాశాలల వరుస పెట్టిన రాత్రే జరిగిపోతుంది. ఆ రాత్రి ఇంట్లో బస్సు దూరం గురించి, ప్లేస్‌మెంట్ల గురించి మాట్లాడుకుంటారు. ఎన్‌సీసీ ఊసు ఎవరికీ గుర్తుకు రాదు.

వయసు సంగతి కూడా చెప్పాలి. బడి పిల్లల జూనియర్ విభాగంలో శిక్షణ రెండేళ్లు, కనీస వయసు 12. సీనియర్ విభాగంలో 26 ఏళ్ల లోపు వరకు ఉండవచ్చు. మన దగ్గర ఈ రెంటి మధ్య ఇంటర్ రెండేళ్లు ఒక గండి. కార్పొరేట్ జూనియర్ కళాశాలల పొద్దున్నుంచి రాత్రి దాకా సాగే పట్టికలో పరేడ్‌కు చోటు దొరకడం అరుదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో హుషారుగా కవాతు చేసినవాళ్లలో చాలామంది ఇంటర్‌లో ఆపేసి, డిగ్రీలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

పరేడ్ మైదానంలో విమానం ఎంత, మట్టి ఎంత

నిజం చెప్పాలంటే మట్టే ఎక్కువ. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్. ఎయిర్ వింగ్ అయినా నేర్పే డ్రిల్ ఇదే. శనివారం రాత్రి మా పై వాటా కుర్రాడు మెట్ల మీద కూర్చుని బూట్ల ముక్కుకు పాలిష్ పట్టించి, నీటి చుక్క వేసి గుండ్రంగా రుద్దుతాడు. బల్బు వెలుగు అందులో కనిపించేదాకా వదలడు. డ్రిల్‌తోపాటు పాయింట్ ట్వంటీటూ రైఫిల్‌తో కాల్చడం, ప్రథమ చికిత్స, సామాజిక సేవ మూడు వింగ్‌లకూ ఉమ్మడి.

ఎయిర్ వింగ్‌కు ప్రత్యేకమైనవి విమానం ఎగిరే సూత్రాలు, ఇంజిన్లు, దిక్కులు తెలుసుకునే విద్య, వాతావరణ శాస్త్రం, ఏరోమోడలింగ్. చివరిది పైకి బొమ్మలాటలా ఉంటుంది. నాకు మాత్రం అన్నింటిలోకీ గొప్పది అదే అనిపిస్తుంది. బాల్సా అనే తేలికైన చెక్కతో గ్లైడర్ చేస్తారు. మొదటిసారి విసిరితే సాధారణంగా అది ముక్కు పైకెత్తి, ఒక్క క్షణం గాలిలో ఆగినట్టయి, కుప్పకూలుతుంది. తోక బరువెక్కిందన్నమాట. ముక్కుకు శనగగింజంత మట్టి ముద్ద అంటిస్తారు. ఈసారి నేరుగా నేలకు దూకుతుంది. ముద్దలో సగం గిల్లి మళ్లీ విసురుతారు. గురుత్వ కేంద్రం సరైన చోటికి వచ్చినప్పుడు అది మేడ ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసినట్టు పోతుంది. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ఒక పేరాగా చదివినదాన్ని వేలి కొసతో తెలుసుకోవడం ఇది.

ఇక అసలు విమానం. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో మైక్రోలైట్లు ఉన్నాయి, అంటే ఇద్దరు పక్కపక్కన కూర్చునే అతి తేలిక విమానాలు. పూర్వం జెన్ ఎయిర్ రకం వాడేవారు. తర్వాత స్లొవేనియా కంపెనీ పిపిస్ట్రెల్ తయారుచేసే వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 వచ్చింది. వైమానిక దళానికి, నౌకాదళానికి, ఎన్‌సీసీకి కలిపి 194 విమానాల కోసం 2015లో ఒప్పందం కుదిరింది. దాని ఇంజిను శక్తి 80 హార్స్‌పవర్, మన చిన్న కార్ల ఇంజినుతో సమానం. మన దేశంలో దానికి గరుడ్ అని పేరు పెట్టుకున్నారు. కరోనా తర్వాత వైరస్ ఎక్కానని ఎవరు చెప్పుకుంటారు, మంచి పనే చేశారు.

క్యాడెట్ ఆ విమానంలో శిక్షకుడి పక్కన కూర్చుని ఎగురుతాడు. అనుభవం కోసం ఇచ్చే చిన్న ప్రయాణం అది. దేశంలోని ఎయిర్ వింగ్ క్యాడెట్ల సంఖ్యకు విమానాలు, వాతావరణం, శిక్షకుల సమయం సరిపోవు కనుక ఎన్నిసార్లు ఎగిరే అవకాశం వస్తుందన్నది యూనిట్‌ను బట్టి మారుతుంది. పైలట్ లైసెన్సుతో దానికి పోలిక లేదు. పౌర విమానయానంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధన 200 గంటల ఎగురుడు, 18 ఏళ్ల వయసు, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్. ఫ్లయింగ్ స్కూలులో సొంత డబ్బుతో నడిచే ఆ దారి పూర్తిగా వేరు.

ఏ, బీ, సీ: మూడు అక్షరాలు, మూడు విలువలు

జూనియర్ విభాగంలో రెండేళ్లు పూర్తిచేసి పరీక్ష రాస్తే వచ్చేది "ఏ" సర్టిఫికెట్. సీనియర్ విభాగంలో రెండో ఏడాది "బీ", మూడో ఏడాది "సీ". ప్రతి దశలోనూ పరేడ్‌లకు కనీసం 75 శాతం హాజరు ఉండాలి, శిబిరాలకు వెళ్లాలి. బీ కి ఒక శిబిరం, సీ కి రెండు అన్నది మామూలు లెక్క. అందరూ వెళ్లే పదిరోజుల వార్షిక శిబిరం ఒకటైతే, ఎయిర్ వింగ్‌లో మెరికల్లాంటివారి కోసం అఖిల భారత వాయు సైనిక్ శిబిరం, జనవరిలో ఢిల్లీలో గణతంత్ర దినోత్సవ శిబిరం ఉన్నాయి. సీ సర్టిఫికెట్ మీద గ్రేడు కూడా ఉంటుంది. చాలామంది సర్టిఫికెట్ వచ్చిందా లేదా అనే చూస్తారు. గ్రేడును ఉద్యోగ ప్రకటన చదివేరోజు గమనిస్తారు.

సీ సర్టిఫికెట్ నుంచి కాక్‌పిట్ దాకా: ముగ్గురి లెక్క

సీ సర్టిఫికెట్‌తో వైమానిక దళంలోకి దారి నిజంగానే ఉంది. దాని పేరు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ. ఫ్లయింగ్ శాఖలో సైనికాధికారుల ఎంపికకు యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్ష ద్వారా నింపే ఖాళీల్లో, వైమానిక దళం సొంత పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ద్వారా నింపే ఖాళీల్లో 10 శాతం చొప్పున ఎయిర్ వింగ్ సీనియర్ సీ సర్టిఫికెట్ ఉన్నవారికి కేటాయిస్తారు. ఒక కోర్సులో 30 ఖాళీలుంటే ఈ లెక్కన 3. వాళ్లకు రాతపరీక్ష లేదు. ఆ ఒక్కటే లేదు. మైసూరు వంటి చోట్ల ఉన్న ఎంపిక బోర్డు ముందు రోజుల తరబడి సాగే పరీక్షలు అందరితో సమానంగా ఉంటాయి. పైలట్‌కు కావాల్సిన నేర్పును కంప్యూటర్ మీద కొలిచే సీపీఎస్ఎస్ పరీక్షకు జీవితంలో ఒక్కసారే అవకాశం. తర్వాత వైద్య పరీక్ష. పైలట్ ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాళ్ల పొడవుకూ కూర్చున్నప్పటి ఎత్తుకూ హద్దులు, చూపుకు కఠినమైన నియమాలు. ఇవేవీ ఎన్‌సీసీలో చేరేటప్పుడు ఎవరూ కొలవరు.

అందువల్ల మూడేళ్లు కవాతు చేశాక తలుపు దగ్గర ఆగిపోవడం జరుగుతుంది. ఎలాగో చూడండి.

మొదటి విద్యార్థిని ఎంపీసీ. ఫిజిక్స్, మ్యాథ్స్ రెండింటిలోనూ 50 శాతం పైన. 18 ఏళ్లకు బీటెక్‌లో చేరి మొదటి ఏడాదే ఎయిర్ వింగ్‌కు ఎంపికైంది. మూడో ఏడాది చివర, 21 ఏళ్లకు, సీ సర్టిఫికెట్. 22 ఏళ్లకు 60 శాతం మార్కులతో పట్టా. ఫ్లయింగ్ శాఖకు కోర్సు మొదలయ్యే నాటికి 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి. ఆమెకు సమయం చేతిలో ఉంది. అమ్మాయి కనుక అడ్డేమీ లేదు. దేశపు తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న కమిషన్ పొందింది మన దుండిగల్‌లోనే.

రెండో విద్యార్థి కూడా ఎంపీసీయే. మంచి ర్యాంకు కోసం రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని, 20 ఏళ్లకు బీటెక్‌లో చేరాడు. ఎన్‌సీసీ అభ్యంతరం చెప్పలేదు, దాని హద్దు 26 కదా. సీ సర్టిఫికెట్ 23 ఏళ్లకు వచ్చింది. పట్టా చేతికి వచ్చేసరికి 24 నిండాయి, కోర్సు మొదలయ్యేది ఆ తర్వాత. డీజీసీఏ కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉంటే 26 దాకా సడలింపు ఉంది కానీ, అతని దగ్గర అది లేదు. రెండు సంస్థలకు రెండు వయసు హద్దులున్న సంగతి అతనికి మూడో ఏడాదిలో తెలిసింది.

మూడో విద్యార్థి బైపీసీ చదివి డిగ్రీలో జీవశాస్త్రాల కోర్సు తీసుకున్నాడు. కవాతులో ముందు వరుస, ఏరోమోడలింగ్‌లో దిట్ట. ఇంటర్‌లో మ్యాథ్స్ లేదు. ఫ్లయింగ్ శాఖ తలుపు అక్కడే మూసుకుంది, సీ సర్టిఫికెట్‌లో ఎంత గొప్ప గ్రేడు వచ్చినా తెరుచుకోదు. అయితే ఆర్మీకి ఉన్న ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో ఈ షరతు లేదు. డిగ్రీలో 50 శాతం మార్కులు, సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు, 19 నుంచి 25 ఏళ్ల వయసు చాలు, అక్కడా రాతపరీక్ష ఉండదు. వైమానిక దళంలోనే నేలమీది పరిపాలన, లాజిస్టిక్స్ శాఖలకు ఏఎఫ్‌క్యాట్ రాసే వీలూ ఉంది. విమానం కోసం నీలి దుస్తులు వేసుకున్నవాడు చివరికి ఆకుపచ్చ దుస్తుల్లో స్థిరపడవచ్చన్నమాట.

ఈ మూడోవాడిని నేను కల్పించలేదు. మెట్ల మీద బూట్లు రుద్దే కుర్రాడు అతనే.

ఇంజినీరింగ్ సీట్లలో ఒక శాతం

ఇంకో ఆశ బడి పిల్లల తల్లిదండ్రులది. తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఎన్‌సీసీకి 1 శాతం కోటా ఉంది, ఆటలకు అర శాతం. వెయ్యి సీట్లకు పది. దానికి ఎయిర్, ఆర్మీ అన్న తేడా లేదు. ఏ శిబిరానికి వెళ్లారు, ఏ సర్టిఫికెట్ ఉంది అన్న ప్రాధాన్య క్రమంలో అభ్యర్థులను నిలబెడతారు. ఢిల్లీ గణతంత్ర శిబిరం దాకా వెళ్లినవారి వెనక, ఒట్టి సర్టిఫికెట్ ఉన్నవారు చాలా దూరంలో ఉంటారు. సీటు కోసమే బిడ్డను పరేడ్‌కు పంపే తల్లిదండ్రులు సాధారణంగా ఈ వరుసను చూడరు.

ఆదివారాలు వృథా అనేవారు, కాదనేవారు

వ్యతిరేకించేవారి మాటలో పస ఉంది. మూడేళ్ల వారాంతాలు, పదేసి రోజుల శిబిరాలు, ఒక్కోసారి ఇంటర్నల్ పరీక్షల మీదికే వచ్చే తేదీలు. ఇంత చేశాక అధికారి అయ్యేది కొద్దిమందే. ఆ సమయంలో కోడింగ్ నేర్చుకుంటే ఉద్యోగమైనా వచ్చేదని ఒక తండ్రి అంటే తప్పుపట్టలేం. ప్రశ్న అడగడం నేర్చుకోవాల్సిన వయసులో ఆజ్ఞ పాటించడం నేర్పుతున్నారన్నది మరో విమర్శ. అది ఖర్చు లెక్కల కంటే లోతైనది, 1960ల నిర్బంధ కాలం నుంచీ వినిపిస్తున్నదే.

సమర్థించేవారు ఉద్యోగం లెక్క పక్కన పెట్టమంటారు. పదిమంది ముందు గొంతెత్తి ఆదేశం ఇవ్వడం, పంజాబు నుంచో మణిపూర్ నుంచో వచ్చినవారితో ఒకే గుడారంలో పడుకోవడం, ఫీజు లేకుండా తుపాకీ పట్టి, విమానం ఎక్కడం మధ్యతరగతి పిల్లలకు ఇంకెక్కడ దొరుకుతుందని అడుగుతారు. సమయం పోతుందన్న ఫిర్యాదుకు కొంత జవాబుగా 2021లో యూజీసీ ఎన్‌సీసీని క్రెడిట్లున్న ఎంపిక సబ్జెక్టుగా పెట్టుకోవచ్చని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. అది అమలైన కళాశాలలో పరేడ్ మార్కుల జాబితాలోకి ఎక్కుతుంది, మిగతా చోట్ల హాజరు పట్టీలోనే ఉండిపోతుంది. నా మొగ్గు రెండో పక్షం వైపే, కాకపోతే పైలట్ అవుతారని ఆశపెట్టి చేర్పించేవారిని చూస్తే చిరాకు.

మొన్న ధైర్యం చేసి మా పొరుగావిడకు ఇదంతా చెప్పాను. మ్యాథ్స్ షరతు దగ్గర ఆవిడ ముఖం కొంచెం చిన్నబోయింది. అబ్బాయికి ఆ సంగతి చేరిన వారానికే తెలుసట, ఇంట్లో చెప్పలేదు. కాసేపు ఆలోచించి అడిగారు: "మరి ఆదివారం పొద్దున అయిదింటికి లేపకుండానే లేస్తున్నాడు కదండీ, అది ఏ సర్టిఫికెట్ కిందికి వస్తుంది?"

ఫిబ్రవరిలో వాడికి బీ పరీక్ష. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన రెండు గ్లైడర్లు ఆరుతున్నాయి, ఒకదాని ముక్కుకు మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.